పోలీసు తొక్కని గడప

సబ్ ఇన్‌స్పెక్టర్ సుబ్బరాయుడికి మారువేషాల పిచ్చి. పిచ్చి ఉండటంలో తప్పు లేదు, ఆ రోజుల్లో నంద్యాలలో తలకొక పిచ్చి ఉండేది. ఈయన పిచ్చిలో చిక్కల్లా ఒక్కటే. ఏ వేషం కట్టినా అచ్చం సబ్ ఇన్‌స్పెక్టర్ సుబ్బరాయుడిలాగే ఉండేవాడు.

మనిషి ఆరడుగుల రెండంగుళాలు. మీసం సంగతి వేరే చెప్పాలి. వీధి మలుపులో ముందు మీసం తిరిగేది, కాసేపటికి ఆయన తిరిగేవాడు. తలకు రుమాలు చుట్టినా, నుదుట విభూతి పట్టెలు పెట్టినా, మెడలో పూసలు వేసినా ఆ మీసం మాత్రం సర్కారు కొలువులోనే ఉండేది. వేషానికి అది అడ్డమని ఎవరైనా నసిగితే, "మీసం జోలికి రావద్దప్పా" అనేవాడు. అంతటితో ఆ చర్చ ముగిసేది.

ఈ పిచ్చికి బలైన మనిషి కానిస్టేబుల్ యేసురత్నం. నలభై మూడేళ్ల వయసు, చర్చిలో పాట ఎత్తుకునే గొంతు, ఎవరి జోలికీ పోని స్వభావం. దేవుడు ఆయన ముఖాన్ని ఎంత మామూలుగా చేశాడంటే, యూనిఫాంలో ఎదురుపడినా జనం "ఎవరప్పా నువ్వు" అని అడిగేవాళ్లు. అలాంటి మనిషి సుబ్బరాయుడి పక్కన నడిచేసరికి ఆ మీసం నీడ తన మీద కూడా పడి, ఇద్దరూ కలిసి పట్టుబడేవాళ్లు.

ఒకసారి ఇద్దరూ గాజుల మలారాలు భుజాన వేసుకుని ఒక నగల దొంగతనం ఆరా తీయడానికి బయలుదేరారు. మొదటి ఇంటి దగ్గరే నరసమ్మ అనే ఆవిడ అరుగు మీద నుంచి లేచి నిలబడింది.

"దండాలు ఎస్సై సామీ."

"ఎస్సై ఎవరమ్మా? నేను ప్యాపిలి నుంచి వచ్చిన గాజులోన్ని."

"అట్లనా. ప్యాపిలి గాజులాయనా, నిన్న మా మరిదిని స్టేషన్లో కూర్చోబెట్టినారు. అన్నం పంపీమంటావా?"

"పొద్దున్నే ఇడిసిపెట్టినారని విన్యాలే తల్లీ. చెయ్యి ఇట్లియ్యి."

నరసమ్మ డజను గాజులు అడిగింది. సుబ్బరాయుడు తొడుగుతుండగా ఏడు పగిలాయి. మిగిలిన అయిదు ఎక్కే లోపల ఆవిడ మరిది సావాసాలన్నీ పూసగుచ్చినట్లు చెప్పేసింది. అది చేతినొప్పికి తట్టుకోలేక చెప్పిన మాటేనని యేసురత్నం నమ్మకం.

ఇంకోసారి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే వేషం. సుబ్బరాయుడు గిన్నె తిప్పుతుంటే, యేసురత్నం బొగ్గుల ముందు కూర్చుని తోలుతిత్తి ఊదాలి. మసి కొట్టుకుపోయి ఊదుతుండగా, చర్చి పెద్ద భార్య దెబోరా సరిగ్గా ఆ వీధిలోకే గుండిగ పట్టుకొచ్చింది. ఈయన ముఖం చూసింది. ముందు అనుమానపడింది. తర్వాత జాలిపడింది.

"ఏం యేసురత్నం, ఉద్యోగం పోయిందా నాయనా?"

డ్యూటీలో ఉన్నానని చెప్పకూడదు. లేనని అబద్ధమాడకూడదు. యేసురత్నం తలవంచి తిత్తి ఇంకా గట్టిగా ఊదాడు. ఆ ఆదివారం చర్చిలో, ఉద్యోగం పోయి కష్టకాలంలో ఉన్న ఒక సహోదరుని కోసం అందరూ మోకరించి ప్రార్థన చేశారు. ఆ సహోదరుడు రెండో వరుసలో కూర్చుని అందరితో పాటు ఆమేన్ అన్నాడు. దెబోరా గుండిగకు అడుగున చిల్లి పడిన సంగతి ప్రార్థనలో రాలేదు.

"ఏమయ్యా, ఆ కాకీ బట్టలు ఉతికి ఉతికి నాకు చేతులు పడిపోతాండాయి. తొడుక్కోని బట్టలు ఏంటికి ఉతకాల?" అంది ఇంట్లో భార్య కృపావతి.

"దుమ్ము పడతాది గదా" అన్నాడు యేసురత్నం.

అప్పట్లో కర్నూలు రాజధాని. పెద్ద అధికారులంతా కూతవేటు దూరంలో ఉండటం వల్ల నంద్యాలలో తుమ్మినా అక్కడ వినపడేది. "సబ్ ఇన్‌స్పెక్టర్ విధి నిర్వహణలో విధిగా యూనిఫాం ధరించవలెను" అని ఒక తాఖీదు వచ్చింది. సుబ్బరాయుడు తిరుగు టపాలో జవాబు రాశాడు. "ధరించుచున్నాను. లోపల."

యాభై అయిదో సంవత్సరం ఎండాకాలం చివర, ఈ నవ్వులాటకు నవ్వురాని పని ఒకటి తగిలింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా పల్లెల్లో ఎద్దులు మాయమవుతున్నాయి. ఒకటీ అరా కాదు, జతలు జతలు. మాయమైన మూడో రోజు ఎవడో ముఖానికి తువ్వాలు కట్టుకుని వచ్చి, "మీ ఎద్దులు యాడో కనపడినాయంట. ఫలానా నాటికి దుడ్లు తెస్తే దోవ చూపిస్తారంట" అని చెప్పిపోతాడు. తెచ్చినవాడి ఎద్దులు ఇంటికొస్తాయి. తేలేనివాడి ఎద్దులు చెరువుకట్ట కింద తోళ్లయి కనపడతాయి. ఏ ఇంటి గడప పోలీసు తొక్కుతాడో ఆ ఇంటికి గడువు కూడా ఉండదు, తోళ్లు ముందే వస్తాయి.

దీని వెనక ఆళ్లగడ్డలో పశువుల బేరాలు చేసే రంగయ్య ఉన్నాడని అందరికీ తెలుసు. తెల్లపంచె, వెండిపొన్ను కర్ర, నోట్లో లవంగం. పెండ్లిళ్లలో ముందు వరుస ఆయనదే. అందరికీ తెలిసినా చెప్పేవాడు ఒక్కడూ లేడు. అంతకు ముందే ఒక పై అధికారి జీపు వేసుకుని అయిదు ఊళ్లు తిరిగితే, అయిదు ఊళ్లలోనూ ఒక్క ఎద్దూ పోలేదని చెప్పారు. వాళ్ల మాట ప్రకారం ఆ సంవత్సరం ఎద్దులు పెరిగాయి కూడా.

అటువంటప్పుడు ఆళ్లగడ్డ పక్కన నల్లగుండ్లపల్లెలో రామలక్ష్మమ్మ ఎద్దుల జత పోయింది. భర్త లేని మనిషి, రెండెకరాల చేను. మొదటి వాన పడి నేల పదునెక్కింది. ఇక వారం రోజుల్లో కొర్ర విత్తకపోతే ఆ ఏడాదికి చేను బీడే. ఎద్దులను విడిపించుకునే శక్తి ఆమెకు లేదు. ఈ సంగతి సంతలో చేతులు మారి, చెవులు మారి సుబ్బరాయుడి దాకా వచ్చింది.

"యేసురత్నం, ఈసారి రోళ్లకు కక్కు కొడతాం" అన్నాడు ఆయన.

అరిగి నున్నగైన రోళ్లకు ఉలితో గంట్లు పెట్టి గరుకు చేయడమే కక్కు కొట్టడం. ఊరూరా తిరిగి ఆ పని చేసేవాళ్లుండేవారు. మోకాళ్ల దాకా పంచె, చేతిలో సుత్తి, మూతి మీద యథాప్రకారం మీసం పెట్టుకుని సుబ్బరాయుడు ఊళ్లోకి అడుగుపెట్టి, "రోలుకు కక్కూ" అని కేక పెట్టాడు. పరేడు మైదానంలో పెట్టే కేక అది. ఊళ్లో ముగ్గురు నిటారుగా నిలబడ్డారు.

లింగమ్మ అనే ముసలావిడ చూపు మందగించిన మనిషి. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవరప్పా అది, నంద్యాల ఎస్సైనా?"

"కాదవ్వా. రోలుకు కక్కు కొట్టేటోన్ని."

"అదేలే. మా రోలు పెరట్లో ఉండాది, రా సామీ."

మొదటి రోజు పదకొండు రోళ్లు. యేసురత్నం చేతులు బొబ్బలెక్కాయి. ఇల్లు వరుస తప్పకుండా, ఒక్క గడప వదలకుండా కొడుతున్నారు. ఇదంతా చూసిన రంగయ్య మనుషులు రచ్చబండ మీద పడి దొర్లి దొర్లి నవ్వారు. ఆళ్లగడ్డలో రంగయ్యకు కబురు పోతే ఆయన నోట్లో లవంగం ఊడి పడిందట.

రెండో రోజు మధ్యాహ్నం రామలక్ష్మమ్మ ఇల్లు వచ్చింది. సుబ్బరాయుడు రోలును తడిమి చూశాడు.

"బాగానే ఉంది కదమ్మా రోలు?"

"బాగానే ఉండాది సామీ. నువ్వు కొట్టు."

ఆయన కొట్టడం మొదలుపెట్టాడు. ఆమె పక్కన కూర్చుని చాటలో కొర్రలు చెరుగుతూ, ఒక్కొక్క సుత్తి దెబ్బకు ఒక్కొక్క మాట చొప్పున చెప్పింది. వీధిలో ఉన్నవాడికి ఠంగుమన్న చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు.

"వచ్చినోడు రంగయ్య బండి తోలే ఓబులేసు. తువ్వాల కట్టుకున్యాడు గానీ, నత్తి యాడికి పోతాది. ఆదివారం పొద్దు గుంకేలోపల తెచ్చుకోకపోతే తోళ్లే అన్యాడు. నా మైలెద్దుకు కుడిచెవి చీలి ఉంటాది. పుల్లెద్దు నా గొంతు ఇంటే తల తిప్పుతాది. నా పేరు మాత్రం యాడా రాకూడదు సామీ."

"నాకు నీ పేరే తెలీదమ్మా" అన్నాడు సుబ్బరాయుడు.

ఆ రోజు బుధవారం. వీధి మలుపు తిరగ్గానే యేసురత్నం ఆగలేకపోయాడు.

"కావాల్సింది తెలిసిపోయింది గదా సార్. బేగా పోదాం పదండి. నాలుగు రోజులే ఉండాయి."

"ఇంకా ఇరవై ఆరు రోళ్లు ఉండాయప్పా."

"రోళ్లా సార్?"

"ఉలి ఇటియ్యి."

ఇరవై ఆరూ కొట్టారు. బాగున్నవీ కొట్టారు, పగిలినవీ కొట్టారు. ఒకామె ఇంట్లో రోలే లేకపోతే గడప రాయికి కొట్టారు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పక్కన కూర్చున్నారు, ఏదో ఒకటి చెప్పారు. కొందరు ఎద్దుల సంగతి చెప్పారు, కొందరు కోడలి సంగతి చెప్పారు. సుబ్బరాయుడు అన్నీ ఒకే శ్రద్ధతో విన్నాడు. యేసురత్నం మాత్రం గడువు తరిగిపోతుంటే లోపల ప్రార్థన చేసుకుంటూ సుత్తి అందించాడు.

శుక్రవారం రంగయ్య దగ్గర నుంచి బండి వచ్చింది. తోలుకొచ్చింది ఓబులేసే.

"మా పె-పెద్దాయన రమ్మంటాండాడు. మా రోలుకూ క-కక్కు కొట్టాలంట." నవ్వు ఆపుకోలేక వాడికి నత్తి రెండింతలైంది.

ఆళ్లగడ్డలో రంగయ్య ఇంటి పెరట్లో ఆ పొద్దు తిరునాళ్ల సందడి. రంగయ్య కుర్చీ వేయించుకుని, స్నేహితులను పిలిచి కూర్చోబెట్టాడు.

"ఏమప్పా, యా ఊరు మీది?"

"ప్యాపిలి పెద్దాయనా."

"ప్యాపిలిలో అందరికీ ఇట్లాంటి మీసాలేనా?"

"నీళ్ల గుణం పెద్దాయనా."

అందరూ నవ్వారు. సుబ్బరాయుడు మాత్రం రోలు ముందు గొంతుక్కూర్చుని, దాని పొట్టలో చెయ్యి పెట్టి చాలాసేపు తడిమాడు. అద్దంలా ఉంది. పగుళ్లలో పచ్చిగా పిండి ఇరుక్కుని ఉంది. వేలితో తీసి వాసన చూశాడు. ఉలవలు.

"తల్లీ, రోలు బాగా అరిగిందే" అన్నాడు రంగయ్య భార్య భారతమ్మతో. ఆమె అప్పుడే ఇద్దరికీ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ పెరట్లో నవ్వని మనిషి ఆమె ఒక్కతే.

"అరగదా మరి. దినామూ మూడు గంపల ఉలవలు రుబ్బల్ల. ఎవరికి పెడతాడో ఏమో, బండికెత్తుకొని పోతాండారు."

యేసురత్నం పెరడంతా చూశాడు. నానబెట్టిన ఉలవలను రుబ్బి పెట్టేది ఎద్దులకే. ఆ ఇంట్లో ఉన్నది రెండు బండెద్దులు. మూడు గంపలంటే ఇరవై నోళ్లుండాలి.

శనివారం తెల్లవారాక ఉలవల బండి వెనక ఒక కట్టెలమోపు నడిచిపోయింది. మోపు కింద యేసురత్నం ఉన్నాడు. ఓబులేసు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, రెండోసారి "నిప్పుందా అ-అన్నా" అని బీడీకి అడిగి మరీ ముట్టించుకున్నాడు. గుర్తుపట్టలేదు. తనను ఎవరూ గుర్తుపట్టకపోవడం వల్ల లోకానికి ఒక ఉపకారం జరగడం యేసురత్నం జీవితంలో అదే మొదటిసారి. బండి నల్లమల అంచున ఒక లోయలోకి దిగింది. అక్కడ ముళ్లకంచె వేసిన దొడ్డి ఉంది.

ఆదివారం పొద్దున రిజర్వు పోలీసులతో సుబ్బరాయుడు ఆ లోయలో దిగాడు. ఆ రోజు మాత్రం యూనిఫాం పైన ఏమీ లేదు. దొడ్డిలో ఇరవై రెండు ఎద్దులున్నాయి, కత్తులతో ఆరుగురు మనుషులున్నారు, ఎద్దుల్లో దేన్ని వదలాలో దేన్ని కోయాలో తేల్చడానికి స్వయంగా వచ్చిన రంగయ్య ఉలవల గంప పక్కన ఉన్నాడు. ఎస్సైని ఖాకీ బట్టల్లో పోల్చుకోవడానికి ఆయనకు ఒక నిమిషం పట్టింది.

"నువ్వా" అన్నాడు.

"నేనే పెద్దాయనా. రోలు బాగుందా?"

చెవి చీలిన మైలెద్దూ, దాని జత పుల్లెద్దూ అక్కడే ఉన్నాయి. ఇరవై రెండింటినీ తోలుకుని వస్తుంటే దారిలో యేసురత్నం అడిగాడు.

"సార్, రంగయ్య ఇల్లు సోదా చేద్దామా? ఉలవల మూటలన్నీ ఆడనే ఉంటాయి. కేసు గట్టిపడతాది."

"వద్దు."

"ఏంటికి సార్?"

"ఆడ భారతమ్మ ఉంటాది. మనం సోదాకు పోయినామంటే రేపటి నుంచి ఆయమ్మ బావి కాడికి ఎట్ల పోతాది? మజ్జిగ పోసిన చెయ్యప్పా అది. ఆ గడప తొక్కొద్దు."

యేసురత్నం కొంతదూరం ఎద్దుల వెనక నడిచాడు. తర్వాత ఇన్నేళ్లుగా గొంతులో ఇరుక్కున్న మాట బయటికి వచ్చింది.

"సార్, తప్పుగా అనుకోవద్దు. ఆ మీసం తీసేసి ఉంటే మనల్ని ఎవరూ గుర్తుపట్టుండరు గదా?"

"గుర్తుపట్టకపోతే ఎట్లప్పా? ఎవరో దోవన పోయే రోలు కొట్టేటోనికి ఎవరైనా ఇంటి గుట్టు చెప్తారా?"

"మరి వేసం ఏంటికి సార్?"

"పోలీసు వచ్చినాడని వాళ్లకు తెలియాల. పోలీసు రాలేదని వాళ్లు చెప్పుకునేదానికీ వీలుండాల." సుబ్బరాయుడు వెనకబడిన ఎద్దును అదిలించాడు. "ఒక ఇంటి రోలే కొడితే ఆ ఇల్లే అనేవాళ్లు. ఊరంతా కొడితే ఎవరని అంటారు? ఆ ఊళ్లో నలభై మూడు గడపలు ఉండాయి. నలభై మూడూ కొట్టినాం."

యేసురత్నం తన అరచేతిలోని బొబ్బలను చూసుకున్నాడు. వాటిని కొంచెం మర్యాదగా చూడాలనిపించింది.

రెండు నెలల తర్వాత నంద్యాల కోర్టులో విచారణ. రంగయ్య తరఫున వచ్చిన ప్లీడరు గట్టివాడు. ఆయన వాదన ప్రకారం ఎద్దులను దాచింది పోలీసులే. మారువేషంలో ఇంటికొచ్చి, అడవిలో దిక్కులేని పశువులున్నాయి మేత తెచ్చి పుణ్యం కట్టుకోమని నమ్మించి, తన క్లయింటును ఇరికించారు. ఇది నిలబడాలంటే సుబ్బరాయుడు వేషం వేసుకుని వచ్చాడని రుజువు కావాలి. అది రుజువైతే ఎవరింట్లో ఎంతసేపు కూర్చున్నాడో, ఎవరు ఏం చెప్పారో ఒక్కొక్కటే బయటికి లాగవచ్చు. రామలక్ష్మమ్మ పేరు బయటపడితే, బయట మిగిలిన రంగయ్య మనుషులు ఊరుకోరు.

"మీకు ఈ సమాచారం ఇచ్చింది ఎవరు?" అని ప్లీడరు సుబ్బరాయుడిని అడిగాడు.

"చెప్పనక్కర లేదని చట్టంలోనే ఉంది" అన్నాడు ఆయన. ఉంది కూడా.

దాంతో ప్లీడరు ఊరివాళ్లను పిలిపించాడు. మొదట లింగమ్మ, తర్వాత రామలక్ష్మమ్మ.

"జ్యేష్ఠంలో మీ ఊరికి పోలీసులు వచ్చారా?"

"రాలేదు సామీ" అంది రామలక్ష్మమ్మ.

"మరి ఎవరొచ్చారు?"

"రోలుకు కక్కు కొట్టేటాయన వచ్చినాడు."

"ఎదురుగా చూడమ్మా. ఆ మనిషి ఈయనే కదా?"

రామలక్ష్మమ్మ చూసింది. మీసం ఈ కొన నుంచి ఆ కొన దాకా తీరిగ్గా చూసింది.

"కాదు సామీ. ఆయప్ప పనిమంతుడు. ఈయప్పను చూస్తే ఎప్పుడూ పని చేసినట్లు లేదు."

కోర్టు హాల్లో ఎవరూ నవ్వలేదు. నల్లగుండ్లపల్లె జనం బెంచీల మీద, పూజలో కూర్చున్నట్లు కూర్చున్నారు. సుబ్బరాయుడు మాత్రం సుత్తి పట్టి కాయలు కాచిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ప్లీడరు చెమట తుడుచుకుని, ఇక ముద్దాయినే అడగమని మేజిస్ట్రేటును కోరాడు. రంగయ్య బోనులో నిలబడ్డాడు. ఆయన ఒక్క మాట చెబితే చాలు, కేసు మొత్తం తిరగబడుతుంది. ప్లీడరు కళ్లతో సైగ చేశాడు.

"అరెస్టుకు ముందు శుక్రవారం నాడు మీ ఇంటికి ఈ పోలీసు అధికారి వచ్చాడా?" అని మేజిస్ట్రేటు అడిగారు.

రంగయ్య చుట్టూ చూశాడు. హాల్లో సగం ఆళ్లగడ్డ కూర్చుని ఉంది. తన కొడుక్కి పిల్లనిస్తామన్న బనగానపల్లె వాళ్లు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. కేసంటారా, అది పెద్దమనుషులకే వస్తుంది. పేదవాడి మీద కేసు పెట్టి ఏం లాభం? కానీ ఇంటికి పోలీసు రావడం, ఆడవాళ్లుండే పెరట్లో కూర్చోవడం, అది వేరు.

రంగయ్య వెన్ను నిటారుగా పెట్టాడు.

"పోలీసా? నా ఇంటికా? మా తాత నాటి నుంచి మా గడప పోలీసు తొక్కిందే ల్యాదు సామీ. మాది పరువైన ఇల్లు."

ప్లీడరు మెల్లగా కూర్చుని కాగితాలు సర్దుకున్నాడు. రంగయ్యకు నాలుగేళ్లు పడ్డాయి. శిక్ష విన్నప్పుడు కూడా ఆయన ముఖంలో ఒక తృప్తి ఉండిందని చూసినవాళ్లు చెప్పారు. బనగానపల్లె సంబంధం నిలబడింది.

కోర్టు వరండాలో సుబ్బరాయుడు, యేసురత్నం నిలబడి ఉండగా రామలక్ష్మమ్మ మెట్లు దిగుతూ వచ్చింది. ఎస్సై వైపు చూడలేదు. నేరుగా యేసురత్నం ముందు ఆగింది. ఆమె తనను గుర్తుపట్టిందని ఆయనకు కొంచెం కంగారు, కొంచెం గర్వం కలిగాయి.

"అప్పా, ఆ రోలు కొట్టేటాయన నీకు యాడన్నా కనపడితే ఒక మాట చెప్పు."

"ఏం చెప్పమంటావమ్మా?"

"అదునుకే ఇత్తుకున్యానని చెప్పు. కొర్ర ఎన్ను తీసిందని చెప్పు. కోతల కాలానికి ఈ దిక్కు వస్తే మాత్రం తినకుండా పోవద్దని చెప్పు."

"కనపడితే చెప్తాలేమ్మా" అన్నాడు యేసురత్నం.

వాళ్లకు మూరెడు దూరంలో సుబ్బరాయుడు గోడకు అంటించిన ఒక వేలం నోటీసు వైపు తిరిగి, మీసం కొస సవరించుకుంటూ దాన్ని మొదటి నుంచి చివరి దాకా చాలా శ్రద్ధగా చదివాడు. నోటీసు తలకిందులుగా అంటించి ఉంది.